నింటెండో 64 జాయ్‌స్టిక్ వదులైపోతే ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

టీవీకి కలిపి ఆడే పాత గేమ్ కన్సోల్ నింటెండో 64 కంట్రోలర్‌ని చేతిలోకి తీసుకుని, మధ్యలో ఉన్న స్టిక్‌ని వేలితో కొంచెం కదిపి చూడండి. ఊడబోయే పాలపన్నులా అటూ ఇటూ ఆడుతోందా? వదిలేస్తే నిటారుగా నిలబడకుండా ఓ పక్కకి ఒరిగిపోతోందా? మెడ చుట్టూ సన్నటి తెల్లపొడి కనిపిస్తోందా? అయితే లోపల ఏదో కాలిపోయిందేమోనని కంగారు పడకండి. ప్లాస్టిక్ అరిగింది, అంతే. మీకు కనిపిస్తున్న పొడి ఆ ప్లాస్టిక్కే.

నా కంట్రోలర్ అమెరికాలో చదువుకునే రోజుల్లో ఒక గరాజ్ సేల్‌లో దొరికింది. ఇంటికి తెచ్చి సూపర్ మారియో 64 అనే ఆట పెట్టాను. స్టిక్ ఎంత ముందుకు నెట్టినా ఆటలో హీరో మారియో పరిగెత్తడే! పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకు పక్కన నడుస్తున్నట్టు నింపాదిగా వెళ్తాడు. కంట్రోలర్ విప్పి, తుడిచి, గ్రీజు రాసి బిగించాను. బ్రహ్మాండంగా అనిపించింది. రెండు వారాలు తిరిగేసరికి మళ్ళీ అదే ఊరేగింపు. తప్పు గ్రీజుది కాదు, నాది. పొడి తుడిచానే గానీ ఆ పొడి ఏ ముక్క నుంచి రాలిందో చూడలేదు. అందుకే ఇక్కడ తుడవడం గురించి తక్కువ, చూడడం గురించి ఎక్కువ చెబుతాను.

ఇంకో మాట. మన ఇళ్ళలో 90ల నాటి 'టీవీ గేమ్' కంట్రోలర్లు విప్పిన చెయ్యి మీదైతే ఆ అనుభవాన్ని ఇక్కడ కొంచెం పక్కన పెట్టండి. వాటిలో ప్లస్ ఆకారపు బటన్, కింద రబ్బరు ప్యాడ్, దాని కింద బోర్డు ఉండేవి. స్పిరిట్‌తో తుడిస్తే చాలావరకు పనిచేసేవి. ఇక్కడ ఒకదానితో ఒకటి రాసుకునే ముక్కలు ఉన్నాయి.

లోపల ఏం జరుగుతోంది?

1996లో ఈ కన్సోల్ వచ్చినప్పుడు స్టిక్ కదలికను కొలవడానికి నింటెండో ఎంచుకున్న పద్ధతి పాత బంతి మౌస్‌లో ఉన్నలాంటిదే. స్టిక్ కాడ కిందికి దిగి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉన్న రెండు వంపు ముక్కల గాడుల్లోంచి వెళ్తుంది. వీటినే రిపేర్ చేసేవాళ్ళు గేర్లు అంటారు, ఎందుకంటే వాటి చివర పళ్ళుంటాయి. స్టిక్‌ని పక్కకి వంచితే ఒక గేరు, ముందుకు వంచితే ఇంకో గేరు ఊగుతాయి. వాటి పళ్ళు చుట్టూ చీలికలున్న చిన్న చక్రాలను తిప్పుతాయి. చక్రానికి ఒక పక్క లైటు, ఇంకో పక్క దాన్ని చూసే సెన్సర్ ఉంటాయి. చీలికలు ఎన్ని దాటాయో లెక్కపెట్టి, స్టిక్ ఎంత వంగిందో కంట్రోలర్ కన్సోల్‌కి చెబుతుంది.

సెన్సర్‌కీ చక్రానికీ మధ్య వెలుతురు తప్ప ఇంకేమీ తగలదు కాబట్టి అక్కడ అరుగుదల లేదు. పాతికేళ్ళు దాటిన కంట్రోలర్లలో కూడా ఆ భాగం సాధారణంగా బాగానే ఉంటుంది. అరిగేది రెండు చోట్ల. ఒకటి, కాడ చివర ఆనే గిన్నె లాంటి గుంట. రెండు, కాడ రాసుకునే గేర్ల గాడులు. రెండు చోట్లా ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్. రాలిన పొడి మళ్ళీ అక్కడే పడి ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. అరుగుదల అందుకే ఒకసారి మొదలైతే జోరందుకుంటుంది.

గిన్నె లోతు పెరిగిన కొద్దీ కాడ కిందికి దిగుతుంది, దాన్ని మధ్యలో నిలబెట్టే స్ప్రింగ్‌కి పట్టు తగ్గుతుంది. గాడి వెడల్పయితే కాడ కదిలినా గేరు వెంటనే కదలదు, మధ్యలో ఖాళీ. మారియో పరిగెత్తకపోవడానికి కారణం ఇదే. మీ బొటనవేలు స్టిక్‌ని పూర్తిగా నెట్టేసింది, కానీ గేరు అంత దూరం రాలేదు.

విప్పకముందు ఒక పరీక్ష

రిపేర్ తర్వాత పోల్చుకోవడానికి ముందు పరిస్థితి తెలియాలి. సూపర్ మారియో 64 ఉంటే మొదట్లో వచ్చే మారియో ముఖం స్క్రీన్ దగ్గర ఆగండి. స్టిక్‌తో చేతి గుర్తు కదులుతుంది. అన్ని మూలలకీ ఒకేలా వెళ్తోందా, వదిలేస్తే ఆగుతోందా చూడండి. తర్వాత ఆటలోకి వెళ్ళి స్టిక్‌ని రవ్వంత నెట్టండి, మారియో పిల్లిలా అడుగులేయాలి. పూర్తిగా నెడితే పరుగందుకోవాలి. నాలుగు దిక్కులా ఇదే చేయండి. మీ దగ్గర ఎస్‌డీ కార్డు పెట్టుకునే కార్ట్రిడ్జ్ గానీ, కంప్యూటర్‌కి కలిపే అడాప్టర్ గానీ ఉంటే స్టిక్ ఎంత వంగిందో చెప్పే అంకెలే చూడొచ్చు. కొత్త స్టిక్ నేరు దిక్కుల్లో సుమారు 80 నుంచి 85 దాకా చూపిస్తుంది. బాగా అరిగినది 60లలోనే ఆగిపోతుంది. అంకెలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

కావలసినవి

కన్సోల్ పెట్టె విప్పడానికి ప్రత్యేకమైన స్క్రూడ్రైవర్ కావాలి గానీ కంట్రోలర్‌కి అక్కర్లేదు. మనం స్టార్ స్క్రూడ్రైవర్ అని పిలిచేది, చిన్న సైజుది, మొన అరగనిది ఒకటి చాలు. సన్న పట్టకారు, ఇయర్ బడ్స్, పాత మెత్తటి టూత్‌బ్రష్, స్క్రూలు వేసుకోవడానికి రెండు మూడు చిన్న గిన్నెలు తీసుకోండి. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, వీలైతే 90 శాతం పైన ఉన్నది కొనండి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటివి అడగొచ్చు. కరోనా నాటి శానిటైజర్ సీసా ఇంట్లో మిగిలి ఉందని దాన్ని వాడకండి. అందులో నీళ్ళు, చేతికి మెత్తదనం కోసం కలిపిన గ్లిసరిన్ ఉంటాయి. ఆరాక జిగురుగా మిగులుతుంది.

గ్రీజు విషయంలో మాత్రం రాజీ పడొద్దు. ప్లాస్టిక్‌కి పనికొస్తుందని ట్యూబు మీద రాసి ఉన్న సిలికాన్ గ్రీజు గానీ, టెఫ్లాన్ కలిసిన సింథటిక్ గ్రీజు గానీ తీసుకోండి. కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె వద్దు. తలుపు బందులు కిర్రుమంటే కొట్టే స్ప్రే అసలే వద్దు. నూనె కారి చక్రాల మీదికి వెళ్తే, బాగున్న ఒక్క భాగాన్నీ మనమే పాడుచేసినట్టు అవుతుంది.

విప్పడం

కన్సోల్ నుంచి ప్లగ్ తీసేయండి. వెనక స్లాట్‌లో మెమరీ కార్డు గానీ వైబ్రేషన్ ప్యాక్ గానీ ఉంటే అదీ తీయండి. టేబుల్ మీద పాత టవల్ పరిచి కంట్రోలర్‌ని బోర్లా పెట్టండి.

వెనక కనిపించే పెద్ద స్క్రూలన్నీ విప్పాక కూడా పెట్టె తెరుచుకోదు. బలవంతం చేయకండి. మెమరీ కార్డు పెట్టే స్లాట్ లోపల ఇంకో రెండు చిన్న స్క్రూలుంటాయి. చాలామంది పెట్టె పగలగొట్టుకునేది ఇక్కడే. ఈ రెండింటినీ విడిగా ఒక గిన్నెలో వేయండి, పొడవు వేరు.

ఇప్పుడు వెనక సగాన్ని నెమ్మదిగా పైకి లేపండి. జెడ్ బటన్ ఉన్న భాగం స్టిక్ మాడ్యూల్ (స్టిక్, గేర్లు, చక్రాలు అన్నీ ఉండే డబ్బీ) వెనక కూర్చుని ఉంటుంది, దాని వైర్లు బోర్డుకి వెళ్తాయి. ఎల్, ఆర్ బటన్లు వాటంతటవే జారి పడతాయి, కంగారు అక్కర్లేదు. అయితే ఏ ముక్కా కదలకముందే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఈ దశ నుంచి ప్రతి అడుగుకీ ఒక ఫొటో. "గుర్తుంటుందిలే" అనుకుని నేను ఒకసారి జెడ్ బటన్ వైరు పెట్టె అంచు కింద పడేలా బిగించాను. వైరు నలిగి, అతికించుకోవడానికి సోల్డరింగ్ నేర్చుకోవాల్సి వచ్చింది.

జెడ్ బటన్ భాగాన్ని పక్కకి తీసి, స్టిక్ మాడ్యూల్‌ని ముందు పెట్టెకి బిగించిన స్క్రూలు విప్పండి. మాడ్యూల్ నుంచి బోర్డుకి వెళ్ళే వైర్ల ప్లగ్‌ని లాగేటప్పుడు వైర్లు పట్టుకోకుండా ప్లగ్‌నే పట్టుకుని నిటారుగా లాగండి. ఏళ్ళ తరబడి కదలని ప్లగ్ మొరాయిస్తుంది. కొంచెం అటూ ఇటూ ఆడిస్తే వస్తుంది.

మాడ్యూల్ చేతిలోకి వచ్చాక దాని వెనక మూత విప్పండి. చీలికల చక్రాలు, వాటికి అటూ ఇటూ ఉన్న సెన్సర్ బోర్డు కనిపిస్తాయి. చక్రాలను పట్టకారుతో అంచు పట్టుకుని తీసి, శుభ్రమైన కాగితం మీద పెట్టండి. తర్వాత గిన్నె, గేర్లు, స్ప్రింగ్, చివరికి స్టిక్. స్ప్రింగ్ నొక్కి ఉంటుంది కాబట్టి ఒక చెయ్యి అడ్డం పెట్టుకోండి. సోఫా కిందికి ఎగిరిన స్ప్రింగ్‌ని వెతకడానికి పట్టే సమయంలో రిపేర్ మొత్తం అయిపోతుంది.

చూడడం

ఇక్కడ తొందర పడకండి. ఇంకా తుడవకండి కూడా. పొడి ఎక్కడ ఎక్కువ ఉందో చూస్తే జబ్బు ఎక్కడో సగం తెలిసిపోతుంది.

గిన్నెని కిటికీ వెలుతురులోకి పట్టుకోండి. బాగున్న గిన్నె అడుగు నున్నగా, వంపు ఎక్కడా తెగకుండా ఉంటుంది. అరిగిన గిన్నెలో మధ్యలో ఇంకో చిన్న గుంట కనిపిస్తుంది, లేదా ప్లస్ ఆకారంలో చాళ్ళు పడి ఉంటాయి. కంటికి అందకపోతే గోటితో అడుగున గీసి చూడండి. గోరు అంచుకి తట్టుకుంటే ఆ గిన్నె పని అయిపోయినట్టే.

తర్వాత కాడ చివర. అది గుండ్రంగా ఉండాలి. చెక్కిన పెన్సిల్‌లా మొన తేలినా, ఒక పక్క చదునైనా అరిగినట్టే. కాడ మధ్యభాగం, అంటే గేర్ల గాడుల్లో తిరిగే చోట, మిగతా భాగం కన్నా సన్నబడిందేమో కూడా చూడండి.

ఇక గేర్లు. ఒక్కో గేరుని విడిగా తీసుకుని కాడని దాని గాడిలో పెట్టి అడ్డంగా ఆడించండి. కాడ హాయిగా జారాలి గానీ గడగడలాడకూడదు. గాడి అంచుల్లో మధ్యభాగం లోపలికి తినేసినట్టు ఉంటే ఆ గేరు మార్చాలి. రెండు గేర్లూ సమానంగా అరగవు. కొన్నిట్లో ఒక గేరు ఇంకా కొత్తదానిలా ఉండి, రెండోది పూర్తిగా పోయి ఉంటుంది. స్టిక్ పైకీ కిందికీ బాగుండి పక్కలకి మాత్రం వదులుగా ఉందంటే కారణం అదే.

స్ప్రింగ్ చాలామంది అనుమానించేదే గానీ, నేను విప్పినవాటిలో అది నిజంగా చచ్చుబడినది ఇప్పటిదాకా చూడలేదు. దాన్ని సాగదీసి మళ్ళీ పెడితే గట్టిగా అనిపిస్తుంది, నిజమే. కానీ ఆ అదనపు బలమంతా కాడని అరిగిన గిన్నెలోకి ఇంకా గట్టిగా నొక్కి, ఇంకా త్వరగా తినేస్తుంది.

గిన్నె, గేర్లు బాగానే ఉండి పొడి, జిడ్డు మాత్రమే ఉంటే మీ అదృష్టం. తుడిచి గ్రీజు రాస్తే సరిపోతుంది. గోటికి తగిలే అరుగుదల ఉంటే ముక్కలు మార్చడమే దారి.

ముక్కలు మార్చాలంటే

మూడు దారులున్నాయి. నాకు నచ్చేది మొదటిది: పాత సెన్సర్ బోర్డు, చక్రాలు అలాగే ఉంచి, గిన్నె, గేర్లు, స్టిక్ మాత్రం కొత్తవి వేయడం. ఈ ముక్కల సెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఆట ఎలా అనిపించాలని నింటెండో అనుకుందో అలాగే అనిపిస్తుంది. సెట్‌గానే కొనండి. కొత్త గిన్నెలో మొనదేలిన పాత కాడ పెడితే కొత్త గిన్నెని అది చెక్కడం మొదలుపెడుతుంది.

త్రీడీ ప్రింట్ చేసిన గిన్నెలు కూడా అమ్ముతున్నారు. వేలితో తడిమితే పొరలు పొరలుగా గరుగ్గా ఉన్నవి వద్దు, ఆ గరుకు ఆకురాయిలా పనిచేస్తుంది. లోహపు గిన్నె తీసుకుంటే అద్దంలా నున్నగా ఉన్నదే తీసుకోండి.

రెండో దారి, మాడ్యూల్ మొత్తాన్నీ మార్చేయడం. నింటెండో తర్వాతి కన్సోల్ గేమ్‌క్యూబ్ స్టిక్ లాంటి రూపంతో వచ్చే చవక మాడ్యూల్స్ పది నిమిషాల్లో బిగించొచ్చు. కానీ వీటిలో చక్రాలు ఉండవు, పొటెన్షియోమీటర్లు (రేడియో వాల్యూమ్ నాబ్ లోపల ఉండేలాంటివి) ఉంటాయి. చాలావాటిలో స్టిక్ కొంచెం వంచగానే విలువ ఎగిరి కూర్చుంటుంది. మారియో పిల్లి అడుగులు వేయడం కష్టమవుతుంది. గోల్డెన్‌ఐ లాంటి తుపాకీ ఆటలో గురి కుదరక విసుగొస్తుంది. పిల్లలు సరదాగా ఆడుకోవడానికైతే ఫర్వాలేదు.

మూడోది, అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ మాడ్యూల్. సెన్సర్ అరగదు, ధర మాత్రం ఎక్కువ. కొనేముందు అసలు స్టిక్ పరిధిని అనుకరించే సెట్టింగ్ ఉందో లేదో చూసుకోండి.

గిన్నె గుంటలో సూపర్ గ్లూ పోసి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేసే చిట్కా కూడా ఉంది. నేను చేసి చూశాను. అంత నున్నటి వంపు చేత్తో రాదు. ఎలాగూ పారేసే గిన్నె మీద ప్రయోగం చేయాలనిపిస్తే చేసుకోండి.

తుడిచి, గ్రీజు రాసి, బిగించడం

పెట్టె, బటన్లు సబ్బునీళ్ళలో టూత్‌బ్రష్‌తో కడగొచ్చు. బోర్డులకి, చక్రాలకి నీళ్ళు తగలనివ్వకండి. గిన్నె, గేర్లు, కాడ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడవండి, గాడుల మూలల్లో పాత పొడి ఒక్క రేణువు కూడా మిగలకూడదు. చక్రాల మీద దుమ్ముంటే పొడి బ్రష్‌తో ఊరికే దులపండి. అన్నీ పూర్తిగా ఆరనివ్వండి. పనిలో పనిగా బటన్ల కింది రబ్బరు ప్యాడ్లు, బోర్డు మీద అవి ఆనే నల్లటి చోట్లు కూడా తేలిగ్గా తుడిచేయండి.

గ్రీజు ఆవగింజంత చాలు, నిజంగానే ఆవగింజంత. గిన్నె అడుగున ఒక చుక్క పెట్టి వేలితో పల్చగా పరవండి. కాడ గాడుల్లో తిరిగే చోట పల్చటి పూత. గేర్ల పళ్ళకి, చక్రాలకి ఏమీ రాయొద్దు. ఎక్కువైన గ్రీజు లోపల మెల్లగా పాకి చీలికలను మూసేస్తుంది. అప్పుడు స్టిక్ కదులుతున్నా కన్సోల్‌కి లెక్క తప్పుతుంది.

విప్పిన వరసకి తలకిందులుగా బిగించండి. ఫొటోలు పక్కన పెట్టుకోండి. చక్రం పళ్ళూ గేరు పళ్ళూ ఎక్కడ కలపాలా అని టెన్షన్ పడక్కర్లేదు. కన్సోల్ ఆన్ చేసినప్పుడు స్టిక్ ఎక్కడ ఉంటే అదే మధ్య అనుకుని కంట్రోలర్ లెక్క మొదలుపెడుతుంది కాబట్టి, చక్రం ఏ కోణంలో కూర్చున్నా తేడా రాదు. చక్రం తన చోట సరిగ్గా కూర్చుని, సెన్సర్‌కి రాసుకోకుండా తిరిగితే చాలు. మూత వేసే ముందు స్టిక్‌ని గుండ్రంగా నాలుగుసార్లు తిప్పి రెండు చక్రాలూ తడబడకుండా తిరుగుతున్నాయో లేదో చూడండి.

స్క్రూలు ప్లాస్టిక్‌లోకి వెళ్తాయి. ఒక్కో స్క్రూని ముందు ఎడమవైపు వెనక్కి తిప్పండి, 'టక్'మని పాత మరలోకి జారినట్టు తెలుస్తుంది. అప్పుడు కుడివైపు తిప్పి, బిగుసుకోగానే ఆపేయండి. బలం చూపిస్తే మర పోతుంది. వెనక పెట్టె మూసేముందు ఎల్, ఆర్ బటన్లు, జెడ్ వైర్లు వాటి చోట్లలో ఉన్నాయా అని మరోసారి చూసుకోండి.

మధ్య సరిచూసుకోవడం

ప్లగ్ పెట్టి, స్టిక్ ముట్టుకోకుండా కన్సోల్ ఆన్ చేయండి. పిల్లలు స్టిక్ నొక్కి పట్టుకుని ఆన్ చేసి "మారియో దానంతటదే నడుస్తున్నాడు, పాడైంది" అంటారు. ఆన్ చేసిన క్షణంలో స్టిక్ వంగి ఉంటే ఆ వంపునే మధ్య అనుకుంటుంది మరి. అలా జరిగితే మళ్ళీ ఆఫ్ చేయక్కర్లేదు. స్టిక్ వదిలేసి ఎల్, ఆర్, స్టార్ట్ మూడూ ఒకేసారి నొక్కండి, మధ్య సరిపోతుంది.

ఇప్పుడు మొదట్లో చేసిన పరీక్షే మళ్ళీ చేసి కాగితం మీది అంకెలతో పోల్చండి. నాలుగు దిక్కుల్లో ఒకటి మాత్రం తక్కువ వస్తే ఆ దిక్కు గేరు సరిగ్గా కూర్చోలేదు. అంకె గెంతుతూ వస్తుంటే చక్రం మీద మరకో గ్రీజో ఉంది.

చేతిలో ఉన్నది ప్లేస్టేషన్ డ్యుయల్‌షాక్ గానీ గేమ్‌క్యూబ్ కంట్రోలర్ గానీ అయితే పైన చెప్పిన గిన్నె, గేర్ల కథ వర్తించదు. వాటిలో పొటెన్షియోమీటర్ల లోపలి కార్బన్ పూత అరుగుతుంది. స్టిక్ బిగువుగానే ఉన్నా బొమ్మ దానంతటదే పక్కకి పోతుంది. వాటికి సోల్డరింగ్‌తో మాడ్యూల్ మార్చడమే పని. సెగా కంపెనీ వాళ్ళు మాత్రం తమ డ్రీమ్‌కాస్ట్ కన్సోల్ కంట్రోలర్‌లో అప్పుడే అయస్కాంతంతో పనిచేసే సెన్సర్ పెట్టేశారు.

చివరిగా, ఈ కంట్రోలర్‌తో మారియో పార్టీ మొదటి భాగం ఆడేవాళ్ళకి. అందులో స్టిక్‌ని వీలైనంత వేగంగా గుండ్రంగా తిప్పాల్సిన చిన్న ఆటలున్నాయి. వేగం కోసం పిల్లలు అరచేయి పెట్టి తిప్పేవారు. చేతులు బొబ్బలెక్కి ఫిర్యాదులు రావడంతో 2000లో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆఫీసుతో కుదిరిన ఒప్పందం ప్రకారం నింటెండో ఉచితంగా చేతి తొడుగులు ఇచ్చింది. గిన్నెకి మాత్రం తొడుగులు ఎవరూ ఇవ్వలేదు. కొత్త ముక్కలు వేసిన కంట్రోలర్‌ని ఆ ఆటకి ఇవ్వకండి, దానికోసం పాతదాన్ని ఒకటి విడిగా ఉంచండి. మెడ దగ్గర మళ్ళీ తెల్లపొడి కనిపించిన రోజు ఆడడం ఆపి, విప్పి తుడిచి, ఆవగింజంత గ్రీజు కొత్తగా రాయండి.